నాన్నకు తెచ్చిన కుండ

నాన్న పోయిన పొద్దున హైదరాబాద్ వారాసిగూడలో కుండ కోసం నేనే వెళ్లాను. కుమ్మరి పెద్దాయన ఎందుకని అడగలేదు. నా మొహం చూసి, వరసలోంచి ఒకటి తీసి వేలితో కొట్టి చూశాడు. ఖంగుమంది. "పైసలు తర్వాత జూస్తం, పో బిడ్డా" అన్నాడు.

నీళ్లకుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ మూడుసార్లు తిరిగాను. చుట్టుకో చిల్లు. చివరికి వెనక్కి చూడకుండా వదిలేశాను. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

కర్మ అయ్యాక తార్నాక దాకా నడుస్తుంటే మౌలాలి గుట్ట గుర్తొచ్చింది. ఆ చుట్టుపక్కల ఇనుప యుగపు సమాధులు బయటపడ్డాయి. పల్లెల్లో వీటిని రాకాసి గుళ్లంటారు. కట్టింది మనలాంటి మనుషులే. చుట్టూ బండరాళ్లు, నడుమ రాతి పలకల గూడు, అందులో ఎముకలు, ఇనుప పనిముట్లు, కుండలు. నిజాం రైల్వే డాక్టర్ ఇ.హెచ్. హంట్ భువనగిరి దగ్గరి రాయగిరిలో ఇలాంటివి తవ్వించి, హైదరాబాద్ సమాధుల మీద 1924లో వ్యాసం రాశాడు.

ఆ కుండలకు లోపల, అంచున నలుపు, కింద ఎరుపు. బోర్లించి కాల్చారని, గాలి ఆడనిచోట నల్లబడి, ఆడినచోట ఎర్రబడిందని పండితులు చెబుతారు. రంగు పూయకుండా, మంటతోనే రెండు రంగులు తెచ్చిన చేతులవి. అడుగు గుండ్రంగా ఉండే పాత్ర ఒరిగిపోకుండా మట్టితోనే కుదురు కూడా చేసి పెట్టారు. చనిపోయినవాడి నీళ్లు ఒలికిపోకూడదనే అనుకున్నారేమో!

పోయినవాళ్ల కోసం మట్టిని నమ్ముకున్నది మనవాళ్లే కాదు. చైనాలో షాంగ్ రాజుల సమాధుల్లో మనుషులను బలిచ్చి పాతేవారు. తర్వాతి కాలంలో మట్టి బొమ్మలు ఆ చోటు తీసుకున్నాయి. 1974లో షియాన్ దగ్గర బావి తవ్వుతున్న రైతులకు దొరికిన ఒక చక్రవర్తి మట్టి సైన్యం అలాంటిదే. మనిషి ప్రాణానికి మట్టి అడ్డం నిలిచింది. మనవాళ్లు సైనికులను చేయలేదు, శవపేటికనే మట్టితో చేసి దానికి కాళ్లు పెట్టారు. కడప జిల్లా శంకవరంలో దొరికిన పేటికకు జంతువు తల కూడా ఉంది. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. కాపలా కాసే సైన్యం కన్నా, పోయినవాణ్ణి వీపున మోసుకెళ్లే ఆ మట్టి జంతువే నా మనసుకు దగ్గర.

మన ఊళ్లలో ఈ రాకాసి గుళ్లు కంకరకూ ప్లాట్లకూ పోతున్నాయి. మీ పొలంలో గుండ్రంగా పేర్చిన బండలు కనిపిస్తే చదును చేయించకండి. కుండ పెంకు దొరికినా ఇంటికి తెచ్చుకోకండి, ఉన్నచోటే ఉంచి పురావస్తు శాఖకు కబురు చేయండి. ఆ కుండ కూడా ఎవరో వాళ్ల నాన్న కోసం తెచ్చిందే.