పల్చటి బట్ట, ఆరిన మడత

ఆత్రేయపురం నుంచి బెంగళూరు ప్రయాణమంటే బట్టల సర్దుడు రెండు రోజుల ముందే మొదలవుతుంది. మొదటి రోజు ఉతుకూ ఎండా. రెండో రోజు మడతలు. పెట్టె మంచం మీదకు వచ్చేది ఆఖర్న. పిల్లలు ఉద్యోగాలకని బెంగళూరు చేరాక, మనవల్ని చూసుకోవడానికో, పండగ వెళ్లాక నాలుగు నెలలుండి రావడానికో కోనసీమ పెద్దవాళ్లు ఆ ఊరు వెళ్తూ వస్తూనే ఉన్నారు. వాళ్లు పెట్టె సర్దే తీరులో అమ్మమ్మల నాటి నుంచి వచ్చిన పనితనం ఉంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. ఈ సర్దుడు మాత్రం ఇంటి గడప దాటి బయటకు రాలేదు. దాన్ని వివరంగా చెప్పుకోవాలని నాకు గట్టిగా ఉంది. ప్రయాణాలు పెరిగేకొద్దీ మన పెట్టెలు బరువెక్కుతున్నాయి, వాటిలో పనికొచ్చే బట్ట తగ్గిపోతోంది.

ముందు ఆ ఊరి వాతావరణం సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఆత్రేయపురం పాతిక మీటర్ల ఎత్తు కూడా ఉండదు. కిలోమీటరు పైకి వెళ్తే వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది, అంచేత మనం ఉక్కపోతతో విసనకర్ర పట్టుకున్న రోజున అక్కడ హాయిగా ఉంటుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. కొత్తగా వెళ్లినవాళ్లను ఇబ్బంది పెట్టేది ఒకే రోజులో వచ్చే మార్పు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 34 డిగ్రీల ఎండ కాస్తుంది, సాయంత్రం ఉరుములతో వాన దిగుతుంది, రాత్రికి 22 డిగ్రీలు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వానలు ఇంకా ఎక్కువ. డిసెంబరు, జనవరిలో మధ్యాహ్నం 27 ఉన్నా తెల్లారుజామున 16కు దిగుతుంది. అక్కడ 1884 జనవరి 13న 7.8 డిగ్రీలు నమోదైంది, ఇప్పటికీ అదే రికార్డు. అందువల్ల ఆ ఊరికి ‘ఎండాకాలం బట్టలు’, ‘చలికాలం బట్టలు’ అని విడిగా సర్దితే లాభం లేదు. పొద్దున్న తొడుక్కున్నదాని మీద సాయంత్రం ఇంకోటి వేసుకునేలా, మర్నాడు ఎండెక్కాక దాన్ని తీసేసేలా సర్దాలి.

ఈ మాట గోదావరి వాళ్లకు ఒకరు చెప్పాలా అంటే, చెప్పక్కర్లేదు. వాళ్లు పుట్టింది నీళ్ల మధ్య. ధవళేశ్వరం దిగువన నది గౌతమీ వశిష్ఠలుగా చీలుతుంది, ఆ రెండింటి నడుమ కోనసీమ మొదలయ్యే చోట ఆత్రేయపురం ఉంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు ఊళ్లను ఒరుసుకుంటూ పారాయి. బొబ్బర్లంక దగ్గర బయల్దేరిన కాలువ లొల్ల లాకుల దగ్గర పాయలై కోనసీమంతా తిరుగుతుంది. బస్సులు రాకముందు మనవాళ్లు ఆ కాలువల మీద పడవల్లోనే రాత్రిళ్లు ప్రయాణం చేసేవారు. కాలువ గాలీ మంచూ మధ్య ఒడిలో మూట పెట్టుకుని కూర్చున్నవాళ్లకు, బట్టకు పగ ఎండా చలీ కాదనీ చెమ్మ అనీ తెలిసింది. మన సర్దుడంతా ఆ ఒక్క ఎరుక చుట్టూ తిరుగుతుంది.

నూలుకు నీటిని పట్టుకునే గుణం ఉంది. మామూలు గాలిలో ఆరి, చేతికి పొడిగా తగిలే నూలుబట్టలో కూడా దాని బరువులో 8 శాతం దాకా తేమ ఉంటుంది. పాలిస్టర్‌లో అర శాతం కూడా ఉండదు, ఉన్నిలో 16 శాతం దాకా ఉంటుంది. డెల్టా గాలికి ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. దండెం మీద సాయంత్రం దాకా వదిలేసిన చీర మళ్లీ మెత్తబడుతుంది. దాన్ని అలాగే మడిచి, గాలి చొరబడని సూట్‌కేసులో పెట్టి, మర్నాడు బెంగళూరులో మూత తీస్తే ముక్కిన వాసన. ఇంకో నాలుగు రోజులు అలాగే ఉంటే బూజు మచ్చలు. ఆ మచ్చలు ఉతికినా పోవు.

అందుకే పెద్దవాళ్లు ఆరిన బట్టను మిట్టమధ్యాహ్నం, ఎండ ఇంకా నడినెత్తిన ఉండగానే దండెం మీంచి తీస్తారు. లోపలికి తెచ్చి వెంటనే మడవరు. నీడలో, మంచం మీద కాసేపు విడిగా పరిచి వేడి పోనిస్తారు. తర్వాత అంచు మడతనూ, కుట్లు కలిసే చోటునూ, లంగా నాడా దూర్చే పట్టీనీ ఒకసారి చెంపకు ఆనించి చూస్తారు. చేతివేళ్లకు తెలియని చెమ్మ చెంపకు చల్లగా తగులుతుంది. ‘అత్తయ్యగారూ, ఆరిపోయిందండీ’ అని కోడలు అంటే, ‘జాకెట్టు చంక కింద చూశావా అమ్మా?’ అని అడుగుతుంది అత్త. రెండు పొరలు కలిసి కుట్టిన చోటు ఆఖర్న ఆరుతుంది కాబట్టి ఆ ప్రశ్న వస్తుంది. చల్లగా తగిలిందా, ఆ జాకెట్టు పెట్టెలోకి వెళ్లదు.

ఈ ఊరి ఆడవాళ్లకు బట్ట మీద ఇంత పట్టు ఎక్కడిది అనిపిస్తే, పూతరేకు తీసేచోట పది నిమిషాలు నిలబడి చూడాలి. జయ రకం బియ్యం నానబెట్టి రుబ్బి, పల్చగా పాలలా కలిపిన పిండి ఒక పక్క. కింద కొబ్బరి కమ్మల మంట, పైన బోర్లించిన కుండ. ఆమె చేతిలో తెల్లటి నూలుగుడ్డ. గుడ్డను పిండిలో ముంచి, రెండు చివర్లూ పట్టి, కాలిన కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ దాటిన చోటల్లా తెర నిలుస్తుంది, కన్ను ఆర్పేలోపు అంచు లేస్తుంది, అలాగే ఒలిచి పక్కన పెడుతుంది. గుడ్డ ముతకైతే రేకు మందమవుతుంది. గట్టిగా ఉంటే తెర చారలు కడుతుంది. గంజి పెట్టిన కొత్త గుడ్డ ఆ పనికి రాదు. ఎన్నో ఉతుకులు చూసి మెత్తబడిన పంచె ముక్క అయితేనే పిండిని సమంగా పట్టి సమంగా వదులుతుంది. చుట్టేటప్పుడు మళ్లీ తడి లెక్కే. పెళుసుగా ఉన్న రేకును తడిగుడ్డతో అద్ది మెత్తబరిచి, నెయ్యీ పంచదారో బెల్లం పొడో చల్లి, ఇంకో రేకు వేసి మడుస్తారు. తడి తక్కువైతే విరుగుతుంది, ఎక్కువైతే ముద్దవుతుంది. రోజూ ఆ కొలతలో బతికే చేతులకు పెట్టెలో పెట్టే చీరలో చెమ్మ ఎంతుందో తెలియకుండా ఎలా ఉంటుంది?

పూతరేకులాగే బెంగళూరు చలికి కూడా మందం కంటే దొంతర మేలు. ఒక పొరకూ ఇంకో పొరకూ మధ్య చిక్కిన గాలే ఒంటి వేడిని నిలుపుతుంది. మన పాత చీరల బొంత చేసే పని అదే. నాలుగైదు అరిగిన నూలు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, చిన్న కుట్లతో కలిపి కుట్టిన బొంత ఒక దళసరి రగ్గుతో సమానంగా వెచ్చగా ఉంటుంది. అయితే నూలుకు ఒక లోపం ఉంది. తడిస్తే దాని వెచ్చదనం పోతుంది, పైగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని కాస్త తడిసినా వెచ్చగానే ఉంచుతుంది. అంచేత లోపల పల్చటి నూలు, మీద చేతులున్న పల్చటి ఉన్ని స్వెట్టరు, వాన పడితే ఆ పైన గాలీ నీరూ చొరనివ్వని పల్చటి రెయిన్‌కోటు. మూడూ కలిసినా ఒక లావుపాటి జాకెట్ బరువు ఉండవు.

ఇంత ఆలోచన లేకుండా, ‘బెంగళూరు చలి’ అన్న మాటకు బెదిరి, మంచు ప్రాంతాలకు కుట్టే లావు జాకెట్లు కొనుక్కుని వెళ్లేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. అలాంటి జాకెట్టు పెట్టెలో సగం తింటుంది. తెల్లారుజామున గంట సేపు తప్ప దాన్ని తొడగలేరు. వానకు తడిస్తే రెండు రోజులకు కూడా ఆరదు. జీన్స్ ప్యాంట్లదీ అదే కథ. వాన ముసురు పట్టిన ఊరికి మూడు జీన్స్‌లు పట్టుకెళ్లడం కంటే రాత్రి ఉతికితే పొద్దుటికి ఆరే పల్చటి ప్యాంట్లు రెండు తీసుకెళ్లడం నయం.

ఆడవాళ్ల పెట్టెలో ముందు పడేవి రోజువారీ నేత చీరలు. అమలాపురం పక్కన బండారులంక, సఖినేటిపల్లి వైపు మోరి మగ్గాల ఊళ్లు. సన్న నూలుతో నేసిన చీర మడిస్తే అరచేతి మందం కూడా ఉండదు, చలేస్తే పమిట భుజాల నిండా కప్పుకోవచ్చు. మగవాళ్లకు రెండు పంచెలు, రెండు లుంగీలు, నాలుగు చొక్కాలు, కచ్చితంగా రెండు నేత తువ్వాళ్లు. ఈ తువ్వాలు గురించి ఎంత చెప్పినా తక్కువే. స్నానానికి అదే, ఎండలో తలపాగా అదే, రైల్లో చెవులకు చుట్టుకునేది అదే, వానలో తల తుడుచుకునేదీ అదే. దుకాణంలో కొన్న కుచ్చుల టవలు నీళ్లు బాగా పీలుస్తుంది గానీ ముసురులో ఆరనే ఆరదు. నేత తువ్వాలు ఫ్యాను కింద రాత్రికి రాత్రే ఆరుతుంది.

గంజి విషయంలో పెద్దవాళ్లు చాలా పట్టుదలగా ఉంటారు. ఊళ్లో పెళ్లికి పెళపెళలాడే గంజి చీర కట్టే మనిషే, బెంగళూరు పెట్టెకు వచ్చేసరికి గంజి లేకుండా ఉతికిస్తుంది. గంజి అన్నం నీరే కదా. తేమ తగిలితే అది మెత్తబడి బట్ట అట్టకడుతుంది, బూజుకూ వెండి రంగు పురుగుకూ అదే మేత. కావాలంటే అక్కడికి వెళ్లాక, ఎండ చూసుకుని పెట్టుకుంటారు.

పట్టుచీర ఒక్కటైనా ఉండాలి, అక్కడ ఎవరో ఒకరి గృహప్రవేశం తప్పదు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టకూడదు. లోపలి తేమ బయటికి పోయే దారిలేక జరీ నల్లబడుతుంది. ఉతికి ఉతికి మెత్తబడిన తెల్ల పంచె ముక్కలో చుట్టాలి. పాత మడత మీదే మళ్లీ మడిస్తే జరీ అక్కడ విరుగుతుంది కాబట్టి, బయల్దేరే ముందు చీర విప్పి మడత మార్చాలి. కలరా ఉండ ఏదీ పట్టుకు నేరుగా తగలకూడదు.

పూతరేకుల డబ్బా లేకుండా ఈ ఊరి పెట్టె కదలదు. బట్టలకూ పూతరేకులకూ చెమ్మే శత్రువు, కానీ కాపాడే దారులు వేరు. పట్టుకు గాలి ఆడాలి, పూతరేకుకు గాలి తగలకూడదు. అందుకని దాన్ని గట్టి అట్టపెట్టెలో పెట్టి, పైన పాలిథిన్ కవరు చుట్టి మూతి కడతారు. బెల్లం గాలిలోని తేమను త్వరగా లాగుతుంది, కాబట్టి బెల్లం పూతరేకులకు ఈ జాగ్రత్త రెండింతలు కావాలి. నెయ్యి కారితే చీర పాడవుతుందని ఆ డబ్బాను బట్టల మధ్య పెట్టరు, బరువు పడితే పొడవుతుందని అడుగునా పెట్టరు. విడిగా చేతిసంచిలో, అన్నిటికన్నా పైన.

ఆ చేతిసంచి సర్దడం ఇంకో పని. రాజమండ్రిలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వాతావరణం మారేది బెంగళూరులో కాదు, బోగీలో. ఏసీ బోగీలో రాత్రి పూట ఒళ్లు జివ్వుమంటుంది, స్లీపర్లో కిటికీ గాలి చెవుల్లో కొడుతుంది. పొద్దున్న దిగేసరికి చినుకులు. కాబట్టి స్వెట్టరు, తువ్వాలు, దుప్పటి, గొడుగు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద సూట్‌కేసు అడుగున రోజూ పనిలేని పట్టు, దాని మీద రోజువారీ చీరలూ చొక్కాలూ జతలు జతలుగా. జతలుగా పెడితే వాడూ వీడూ వెతికి కెలకరు, మడత చెడదు. లుంగీలూ లోబట్టలూ చుట్టి సందుల్లో దూర్చవచ్చు గానీ ఇస్త్రీ చొక్కాను చుడితే అడ్డం ముడతలు పడతాయి, దాన్ని పరిచి మడవాల్సిందే. ఒక ఖాళీ నూలు సంచి తప్పకుండా పెట్టాలి. అక్కడ వాన తడిసిన బట్టను పొడి బట్టల్లో కలపకుండా ఉంచడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు.

తిరుగు ప్రయాణంలోనే చాలామంది అలసత్వం చూపిస్తారు. తొడిగిన స్వెట్టరును అలాగే తెచ్చి బీరువాలో పడేస్తారు. చెమట ఉన్న ఉన్నికి పురుగు త్వరగా పడుతుంది. దాన్ని బెంగళూరులోనే గోరువెచ్చని నీళ్లలో, పిండకుండా ఉతికి, మంచం మీద పరిచి ఆరబెట్టాలి. దండేనికి వేలాడదీస్తే సాగిపోతుంది. ఊరికి వచ్చాక ఒక పూట నీరెండలో ఉంచి, నీడన ఎండబెట్టిన వేపాకు మడతల్లో వేసి, పాత నూలు గలీబులో పెట్టి బీరువా పై అరలో ఉంచుతారు. వానాకాలంలో నెలకోసారి తీసి గాలికి ఆరేసి, వేపాకు మారుస్తారు.