తొలి ప్రదర్శన ఎవరికి?

తెలుగులో తీసిన ఒక షార్ట్ ఫిలిం 513 అవార్డులు తెచ్చుకుని 2022లో గిన్నిస్ రికార్డుకెక్కింది. దీపక్ రెడ్డి దర్శకత్వం వహించిన 'మనసానమః' అది. ఒక యువకుడు తన పాత ప్రేమల్ని తలుచుకునే కథ. పనితనం ఉన్న సినిమా, కాదనను. ఆ అమ్మాయిలు మాత్రం అతని జ్ఞాపకానికి ఎంత అవసరమో అంత మేరకే కనిపిస్తారు. అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కథ కాదు, ఆ అంకె. అన్ని అవార్డులు రావాలంటే సినిమాను ఎన్ని చోట్లకు పంపి ఉండాలి? ఆ పంపడం అనే పని వెనుక ఎంత డబ్బు, ఎంత తీరిక, ఎంత ఇంగ్లీషు కావాలి?

ఇప్పుడు దరఖాస్తులన్నీ చాలావరకు 2014లో మొదలైన ఫిల్మ్‌ఫ్రీవే వంటి వెబ్‌సైట్ల ద్వారానే నడుస్తున్నాయి. చాలా ఫెస్టివల్స్‌కు ఎంట్రీ ఫీజు విడివిడిగా కట్టాలి, తరచుగా డాలర్లలో. గడువు దగ్గరపడేకొద్దీ ఫీజు పెరుగుతుంది. సెలక్ట్ కాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. నెలనెలా అవార్డులు ప్రకటించి, ప్రేక్షకులంటూ లేకుండానే పోస్టరు మీద వేసుకోవడానికి ఆకుల దండ గుర్తు పంపించే 'ఉత్సవాలు' కూడా వీటిలో ఉన్నాయి. తెలిసినవాళ్లు చెప్తే తప్ప కొత్తవాళ్లకు తేడా తెలియదు. తిరువనంతపురంలో 2008 నుంచి కేరళ చలచిత్ర అకాడమీ జరుపుతున్న లఘుచిత్రోత్సవం లాంటిదీ, ఇలాంటి దుకాణాలూ ఒకే తెరమీద, ఒకే వరసలో కనబడతాయి మరి.

ఫీజుల కంటే నాకు కష్టంగా తోచేది 'ప్రీమియర్' నిబంధన. అన్నీ అలా ఉండవు గానీ, పేరున్న కొన్ని ఫెస్టివల్స్ తమ దగ్గరే తొలి ప్రదర్శన జరగాలంటాయి. అంతకుముందు యూట్యూబ్‌లో పెట్టకూడదు, ఇంకోచోట బహిరంగంగా చూపకూడదు. మార్కెట్ దృష్టితో చూస్తే ఇందులో తప్పేమీ కనబడదు. కానీ స్త్రీల జీవితాల్లోంచి, వాళ్ల మాటల్లోంచి, వాళ్ల ఇళ్లలోంచి సినిమా తీసినప్పుడు దీని అర్థం ఏమిటి? ఎవరి బతుకు తెరకెక్కిందో వాళ్లే అందరికంటే చివర చూడాలన్నమాట.

ఈ క్రమాన్ని పూర్తిగా తలకిందులు చేసిన తెలుగు సినిమా ఒకటి మనకుంది. మనలోనే చాలామంది చూడలేదు. 1983లో వచ్చిన 'ఇది కథ మాత్రమేనా'. నిడివి దాదాపు పాతిక నిమిషాలే. దీపా ధన్‌రాజ్, అభా భయ్యా, నవ్రోజ్ కాంట్రాక్టర్, మీరా రావులు 1980లో మొదలుపెట్టిన 'యుగాంతర్' బృందం, హైదరాబాదు స్త్రీశక్తి సంఘటనతో కలిసి దాన్ని తీసింది. ఆ తర్వాత మూడేళ్లకు 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చిన సంఘటనే ఇది. యుగాంతర్ అంతకుముందు పూనాలో పనిమనుషుల మీద, నిపాణిలో పొగాకు కార్మికురాళ్ల మీద డాక్యుమెంటరీలు తీసింది. ఇక్కడ మాత్రం కల్పనను ఎంచుకుంది. ఎందుకంటే విషయం కుటుంబ హింస. ఫ్యాక్టరీ గేటు ముందు కెమెరా పెట్టగలం, పడగ్గది ముందు పెట్టలేం. పెట్టినా, దెబ్బలు తిన్న మనిషి ముఖాన్ని అందరి ముందూ పరచే హక్కు మనకెవరిచ్చారు? అందుకని సంఘటన సభ్యులు తమకు తెలిసిన అనుభవాల్ని కూర్చుకుని, చర్చించుకుంటూ, అప్పటికప్పుడు మాటలు అల్లుకుంటూ కథను కట్టారు.

ఆ సినిమాలో నాకు విలువైనది హింసను చూపిన తీరు కన్నా, హింస తర్వాత మిగిలే స్తబ్ధతను పట్టించుకున్న తీరు. భార్య దిగులును మెలోడ్రామాగా మార్చి కన్నీళ్లు పిండరు. ఇంకో స్త్రీ స్నేహం ఆమెకు ఒక ఆసరాగా కనబడుతుంది. అదే ఏడాది డిసెంబరులో 498-ఎ సెక్షన్ చట్టంలో చేరింది. చట్టం క్రూరత్వాన్ని నిర్వచించాలని చూస్తుంటే, ఈ సినిమా ఆ ఇంట్లో ఒంటరితనం ఎలా పేరుకుంటుందో చెప్పాలని చూసింది. పేరు చివరి ప్రశ్న అలంకారం కోసం పెట్టింది కాదు. చూసినవాళ్లు జవాబు చెప్పాలి.

అది మొదట తిరిగింది ఫెస్టివల్స్‌లో కాదు, స్త్రీల సమావేశాల్లో. ప్రొజెక్టరు మోసుకెళ్లి చూపించేవాళ్లు. లైట్లు వేశాక మొదలయ్యే మాటలే అసలు ప్రదర్శన. దశాబ్దాల తర్వాత బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ యుగాంతర్ సినిమాలను డిజిటల్‌గా పునరుద్ధరించాక అది దేశదేశాల తెరలకు వెళ్లింది. ముందు ఇక్కడ, తర్వాత అక్కడ. ఊళ్లో చూపించినందువల్ల దాని విలువేమీ తగ్గలేదే!

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మా కర్లపాలెం వైపు ఒకమ్మాయి రొయ్యల షెడ్డులో తలలు తీసే ఆడవాళ్ల మీద పద్నాలుగు నిమిషాల సినిమా తీసింది. సబ్‌టైటిల్స్ సరిచూడమని నాకిచ్చింది. ఆ పని చేస్తుంటే ఒక మాట దగ్గర ఆగిపోయాను. అందులో ఒకామె మొగుణ్ని "ఏవండీ" అని పిలుస్తుంది. ఇంగ్లీషులో ఏం రాయాలి? 'వినండి' అని రాస్తే పిలుపు మిగులుతుంది గానీ, పేరు పలకకూడదన్న నిషేధం పోతుంది. ఆ షెడ్డులో కూర్చున్నవాళ్లకు దానికి అనువాదమే అక్కర్లేదు. ఇలాంటివి ఇంకా ఎన్నో. తెర కింద రెండు వరసల్లో ఇమడనివన్నీ ఆ సినిమాలో బలమైన చోట్లే.

ఫెస్టివల్స్ వద్దని నేననను. గోడలకే అంటుకుపోయిన గొంతు ఒకటి వెయ్యి మంది ఉన్న హాల్లో వినబడటం చిన్న విషయం కాదు. ఢిల్లీలో 2005లో మొదలైన ఆసియా మహిళా చలనచిత్రోత్సవం లాంటివి మన అమ్మాయిలకు తోటి దర్శకురాళ్లను పరిచయం చేశాయి. నిబంధనలు శిలాశాసనాలూ కావు. ముంబయి ఫెస్టివల్ 2004లో మనదేశపు సినిమాలకు సెన్సార్ సర్టిఫికెట్ ఉండి తీరాలంటే, దర్శకులు కలిసి ఎదిరించారు. ఆ షరతు పోయింది. తర్వాత ఎన్నో సినిమాలను తిప్పికొడితే, వాటితోనే పక్కన 'వికల్ప్' పేరుతో సొంత ఉత్సవం జరిపారు. ప్రీమియర్ షరతు మీద అలాంటి బేరం మనం ఇంతవరకూ పెట్టలేదు.

షెడ్డులో ఆడవాళ్లు మాత్రం ఆ అమ్మాయి కనబడ్డప్పుడల్లా "మా సినిమా ఎప్పుడు చూపిస్తావమ్మా?" అంటున్నారు. ఊళ్లో ఒక ప్రదర్శన వేస్తే అది 'బహిరంగ ప్రదర్శన' కింద లెక్కా అని తను దరఖాస్తు చేయాలనుకున్న రెండు ఫెస్టివల్స్‌కు ఉత్తరం రాయమన్నాను. ఒకరు అభ్యంతరం లేదన్నారు. రెండోవాళ్ల దగ్గర్నుంచి జవాబు రాలేదు, ఫీజు కట్టే గడువు గురించి గుర్తుచేస్తూ మెయిల్ మాత్రం వచ్చింది. ఆ ఫీజు డబ్బుతో బాపట్ల నుంచి ప్రొజెక్టరు అద్దెకు తెస్తున్నాం. రాత్రి షిఫ్టు లేని రోజు చూసుకుని తేదీ చెప్తామని ఆ ఆడవాళ్లే అన్నారు.