వేగం ఒక్కటే కొలబద్ద కాదు

డేనియల్ కానెమన్ 2011లో ప్రచురించిన ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’ గ్రంథంలో మానవుని ఆలోచనను రెండు వ్యవస్థలుగా విభజించారు. మొదటిది శ్రమ లేకుండా క్షణంలో తీర్పు చెబుతుంది. రెండవది నిదానంగా, ప్రయాసతో లెక్క చూస్తుంది. ఇవి కల్పిత పాత్రలేనని ఆయనే అంగీకరించారు. అయినా పుస్తకం పొడుగునా మొదటిది నమ్మేస్తూ ఉంటుంది, రెండవది బద్ధకిస్తూ ఉంటుంది. అనువాదకునిగా ఈ క్రియలే నాకు కంట్లో నలుసులయ్యాయి. నమ్మేది వ్యవస్థా, మనిషా?

మదర్సాలో మంతిఖ్ చదువుకున్నవారికి ఇది వినగానే ఇబ్నెసీనా చెప్పిన హద్స్, ఫిక్ర్ గుర్తుకు వస్తాయి. నాకూ వచ్చాయి. (ఆ తొందర ఏ వ్యవస్థ పనో!) కాని ఆ పోలిక నిలవదు. వాదంలోని రెండు కొసలను కలిపే మధ్యపదాన్ని వెతుక్కుంటూ మనస్సు సాగించే ప్రయాణం ఫిక్ర్. వెతుకులాట లేకుండానే ఆ మధ్యపదం ఒక్కసారిగా స్ఫురించడం హద్స్. తేడా నడకలోనే; రెండూ అఖ్ల్ పనులే. క్రుగ్లాన్‌స్కీ, గిగెరెన్జర్‌లు కూడా 2011లోనే, స్ఫురణకూ విచారణకూ ఒకే నియమాలు ఆధారం కాగలవని వాదించారు.

అయితే ఇబ్నెసీనా అక్కడితో ఆగలేదు. వహ్మ్ అనే మరొక శక్తిని చెప్పారు. తోడేలును చూసి గొర్రె బెదరడం దాని పనే. తేనె రంగు చూసి పైత్యరసం తలపుకు వస్తే మనిషి ఏవగించుకుంటాడు. అది తేనేనని అఖ్ల్ చెబుతున్నా ఆ ఏవగింపు పోదు. నా దృష్టిలో అసలు గీటురాయి ఇదే: తప్పని తెలిసిన తరువాత కూడా ఆ తీర్పు నిలిచి ఉంటుందా?

కానెమన్ ఇచ్చిన లెక్కనే రూపాయల్లో చూద్దాం. బ్యాటూ బంతీ కలిపి 110 రూపాయలు; బంతికన్నా బ్యాటు ధర 100 ఎక్కువ. బంతి ధర 10 అని నోటికి వస్తుంది. 5 అని తెలిశాక ఆ 10 మాయమవుతుంది. ఇది తొందరపాటే, దీనికి రెండవ శక్తి అక్కరలేదు. కాని ఆయనే చూపిన మ్యూలర్–లాయర్ గీతల సంగతి వేరు. స్కేలుతో కొలిచి సమానమని తేల్చుకున్నా, ఒకటి పొడుగ్గానే కనబడుతుంది.

చదరంగ నిపుణుని స్ఫురణ, ఈ గీతల భ్రమ, బంతి లెక్కలో పొరపాటు – మూడూ వేగంగా జరుగుతాయి గనుక మూడింటినీ మొదటి వ్యవస్థకే అప్పగించారు గ్రంథకర్త. మొదటిది హద్స్‌కు దగ్గర, రెండవది వహ్మ్‌కు దగ్గర. వీటిని ఒకే గాటన కట్టడమే ఈ గొప్ప పుస్తకంలోని లోపం.

విద్యార్థుల కోసం కొన్ని పుటలు తెలుగు చేసినప్పుడు ‘వ్యవస్థ’ బదులు ‘తీరు’ అని వ్రాసుకున్నాను. గీతల దగ్గరకు వచ్చేసరికి ఆ మాట చాలలేదు.