బల్ల మీది సైన్యానికి కొండపల్లి పనితనం

సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే బీఎంపీ-2 ‘సారథ్’ వాహనం పొడవు 6.7 మీటర్లు, బరువు 14 టన్నుల పైమాట. ముగ్గురు సిబ్బంది, ఏడుగురు కాల్బలం అందులో కూర్చుంటారు. 30 మిల్లీమీటర్ల ఫిరంగి ఉంటుంది, కాలువ అడ్డొస్తే నీళ్లలో దిగి ఈదుతుంది కూడా. దాన్ని 72వ వంతుకు తగ్గిస్తే తొమ్మిదిన్నర సెంటీమీటర్ల లోపు బొమ్మవుతుంది. 100వ వంతుకు తగ్గిస్తే ఏడు సెంటీమీటర్లయినా ఉండదు. బల్ల మీద యుద్ధాలు ఆడేవాళ్లకు ఈ రెండు కొలతలూ బాగా పరిచయం. వాళ్ల దగ్గర టేపు, పాచికలు, నియమాల పుస్తకం, అట్టతో చేసిన గుట్టలు, ఇళ్లు అన్నీ ఉంటాయి. అయినా ఆటలో సగం సరదా ఆట మొదలయ్యే ముందే, కుంచె పట్టుకుని కూర్చున్నప్పుడే తీరిపోతుంది. పెట్టెలోంచి తీసిన ప్లాస్టిక్ బొమ్మను రంగు వేయకుండా జరుపుతూ ఆడినా నియమాలు ఒప్పుకుంటాయి. చూసేవాడి కన్ను ఒప్పుకోదు.

ఇది పరాయి సరదా అని కొట్టిపారేయడానికి లేదు. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగు అంగాల సైన్యాన్ని గళ్ల మీద నిలబెట్టి చతురంగం ఆడింది ఈ దేశమే. మహాభారతం చెప్పే సైన్య లెక్క చూడండి. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాల్బలం కలిస్తే ఒక పత్తి. దాన్ని మూడేసి రెట్లు చొప్పున ఏడుసార్లు పెంచి, చివర పది రెట్లు చేస్తే అక్షౌహిణి: 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. ఇవాళ ఏ యుద్ధక్రీడ నియమాల పుస్తకం తెరిచినా దళాల పట్టిక ఇదే తీరులో ఉంటుంది. ప్రష్యాలో రైస్విట్జ్ అనే సైనికాధికారి 1824లో అచ్చువేసిన నియమాలతో ఈ ఆట సైనిక శిక్షణలోకి వచ్చింది. 1913లో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ రాసి దాన్ని ఇంటి నేల మీదికి దించాడు. ఆయన సైన్యం పిల్లల ఆటబొమ్మలే, ఫిరంగి కూడా స్ప్రింగుతో పేలే బొమ్మ ఫిరంగే.

ఇక మన దగ్గరికి వద్దాం. కాజీపేట నుంచి బెజవాడ వెళ్లే రైలు మార్గంలో మధిర దాటాక ఎర్రుపాలెం వస్తుంది. ఖమ్మం జిల్లాకు అది దక్షిణపు అంచు. అక్కణ్నుంచి అదే దారిలో కొద్ది స్టేషన్లు దాటితే కొండపల్లి. కొండ మీద రెడ్డిరాజుల నాటి కోట, కింద బొమ్మలు చేసే ఇళ్లు. గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ నవాబులు, ఇంగ్లీషువాళ్లు అందరూ ఈ కోట కోసం తలపడ్డవాళ్లే. కింద ఊళ్లో మాత్రం ఏనుగు మీద అంబారీ, అంబారీలో రాజు, ముందు మావటి, ఇవన్నీ జానెడు బొమ్మలో ఇమిడిపోయాయి. యుద్ధానికీ ఊరేగింపుకీ పనికొచ్చిన వాహనాన్ని చిన్నగా చెక్కి, రంగు వేసి, పీట మీద నిలబెట్టడం ఈ ప్రాంతానికి వందల ఏళ్ల విద్య. రాజస్థాన్ వైపు నుంచి వలస వచ్చామని చెప్పుకునే ఆర్యక్షత్రియ కుటుంబాలు దాన్ని కాపాడుకుంటూ వస్తున్నాయి. ప్లాస్టిక్ ట్యాంకుకు రంగు వేసేవాడు విదేశీ వీడియోలు చూసి నేర్చుకునే పని వరసకూ, కొండపల్లి ఇంట్లో సాగే పని వరసకూ తేడా చాలా తక్కువ. కొన్నిచోట్ల మనవాళ్లదే మెరుగు అని నా నమ్మకం.

మొదటిది కర్ర. కొండపల్లి బొమ్మకు తెల్ల పొనికి వాడతారు. బరువుండదు, మెత్తగా తెగుతుంది, పీచు లేవదు. పచ్చికర్రతో పని మొదలుపెట్టరు. సన్నని సెగ మీద కాచి అందులోని తడి పోగొడతారు. ఈ పని తొందరపడి చేస్తే తర్వాత రంగు కింద చీలిక వస్తుంది, ఎంత లప్పం పెట్టినా దాగదు. ప్లాస్టిక్ కిట్టుకూ ఇలాంటి ముందుపని ఒకటుంది. అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి వాడిన జిడ్డు విడిభాగాల మీద మిగిలిపోతుంది. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టకపోతే ఆ జిడ్డు మీద రంగు నిలవదు, వేలు తగిలితే పొరలా లేచిపోతుంది. అయినా కొత్తవాళ్లు ఎప్పుడూ ఎగ్గొట్టేది ఈ మెట్టే.

తర్వాత అతుకులు. కొండపల్లిలో ఒకే దుంగలోంచి మొత్తం ఏనుగును తొలవరు. కాళ్లు, చేతులు, తొండం లాంటి భాగాలు వేరుగా చెక్కి అతికిస్తారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి ఉడికించిన మక్కుతో ఆ అతుకులు కప్పి, వంపులు తీర్చి, పైన సున్నపు పూత వేస్తారు. ఈ మక్కు తెలివి గమనించాలి. పూడ్చే పదార్థంలో ఆ కర్ర పొట్టే ఉంటుంది కాబట్టి ఎండలో, తేమలో కర్రతో పాటే సాగుతుంది, కుదించుకుంటుంది. చుట్టూ కర్ర ఒక తీరుగా, మధ్యలో అతుకు ఇంకో తీరుగా నడిస్తే అక్కడే పగులు వస్తుంది. ప్లాస్టిక్ పనివాళ్లలో తెలిసినవాళ్లు కిట్టు ఫ్రేము ముక్కలనే ద్రావకంలో కరిగించి ఆ గుజ్జుతో సందులు పూడుస్తారు. పదార్థం వేరు, లెక్క ఒకటే.

సున్నపు పూత అంటే ప్రైమరే. తెల్లని పూత మీద ఏ రంగైనా వెలుగుతుంది. అంబారీ ఏనుగుకు, దశావతారాలకు అది కావాలి. సారథ్ లాంటి ముదురు ఆకుపచ్చ వాహనానికి మాత్రం తెల్ల పూత మీద పని రెట్టింపు అవుతుంది. చక్రాల వెనక మూలలకు కుంచె అందక తెల్లచుక్కలు మిగిలిపోతాయి. బూడిదరంగో, మట్టిరంగో పూత వేసుకుంటే ఆ మూలలు వాటంతటవే నీడలా కనిపిస్తాయి. వాహనానికి ఒక్కో వైపు ఆరు చక్రాలు, వాటి మీదుగా గొలుసు పట్టా, పైన రేకు అడ్డం. అందని చోటు ఎంతుందో ఊహించుకోండి.

అసలు మెలకువ రంగులో ఉంది. ఫ్యాక్టరీలో వాడే ఆకుపచ్చనే డబ్బాలోంచి తెచ్చి బొమ్మకు పూస్తే అది నల్లగా కనిపిస్తుంది. మూడు మీటర్ల వెడల్పున్న వాహనం మీద ఎండ పరుచుకుంటుంది, వంపుల్లో నీడలు పడతాయి, దూరంగా ఉంటే మధ్యలో గాలిలోని దుమ్ము రంగును పలచబరుస్తుంది. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు బొమ్మకు ఇవేవీ దొరకవు. కాబట్టి నీడనూ ఎండనూ మనమే రంగుతో వేయాలి. అసలు ఆకుపచ్చలో కాస్త పసుపు, కాస్త మీగడరంగు కలిపి తేలిక చేసుకోవాలి. ఒట్టి తెలుపు కలిపితే సుద్దలా తెల్లబారిపోతుంది. అది ఆరాక నీళ్లలా పలచన చేసిన ముదురు గోధుమరంగును పై నుంచి వదిలితే తలుపుల సందుల్లోకి, బోల్టుల చుట్టూ, ఇంజను జాలీలోకి పారి నిలుస్తుంది. దాన్ని వాష్ అంటారు. అది పూర్తిగా ఆరాక కుంచెను లేతరంగులో ముంచి, గుడ్డకు తుడిచేసి, దాదాపు పొడిగా ఉన్నప్పుడు అంచుల మీద అటూ ఇటూ ఆడిస్తే ఎత్తైన చోట్ల మాత్రమే రంగు అంటుకుంటుంది. ఇది డ్రై బ్రష్. ఈ రెంటితోనే బొమ్మలో ముప్పావు వంతు ప్రాణం వస్తుంది.

కొండపల్లి చిత్రకారుడు ఈ నీడల దారి పట్టడు. మేకవెంట్రుకల సన్న కుంచెతో గీత గీస్తాడు. కన్ను, మీసం, అంబారీ అంచు జరీ, ఏనుగు నుదుటి ముగ్గు అన్నీ గీతలే. బొమ్మల కొలువులో నాలుగు మెట్ల అవతల ఉన్న బొమ్మ చూసేవాడికి ఏమిటో తెలియాలంటే గీతే శరణ్యం. యుద్ధపు బల్ల దగ్గర కూడా ఆటగాడు తన వాహనాలను నిలబడే చూస్తాడు, రెండు మూడు అడుగుల దూరం నుంచి. పోటీల్లో బహుమతులు కొట్టే మసక మసక రంగుల పనితనం ఆ దూరానికి అందదు. తలుపు అంచున సన్నని లేత గీత, నంబరు, జెండా గుర్తు అందుతాయి. అందుకే ఆడటానికి చేసే బొమ్మలకు కొండపల్లి గీత నేర్చుకోవడమే మేలంటాను. అద్దాల పెట్టెలో దాచే బొమ్మల సంగతి వేరు.

మెరుపు విషయంలో మాత్రం కొండపల్లి బాట వదిలేయాలి. ఎనామిల్ రంగుతో నిగనిగలాడే అంబారీ ఏనుగు అందం, నిగనిగలాడే ట్యాంకు ఆటవస్తువు. చివర మెరుపులేని వార్నిష్ పూత తప్పనిసరి. ఫిరంగికి ప్లాస్టిక్ గొట్టం పెడితే వంగుతుంది, విరుగుతుంది. సన్నని ఇత్తడి తీగ ముక్క పెట్టుకుంటే పదేళ్లు ఆడొచ్చు.

బేసు, అంటే బొమ్మ కింది పీట గురించి ఆటగాళ్లలో ఎప్పుడూ ఒక తగాదా ఉంది. కాల్బలానికి బేసు ఉండాల్సిందే, లేకపోతే బొమ్మ నిలబడదు. వాహనానికి దేనికి అంటారు కొందరు. దూరం కొలిచేటప్పుడు బేసు అంచు నుంచి కొలవాలా, వాహనం అంచు నుంచి కొలవాలా అని గొడవ. ఇరుకు వీధిలో రెండు వాహనాలు పక్కపక్కన పట్టవని ఇంకో అభ్యంతరం. రెండూ నిజమే. అయినా బేసు వైపే నా ఓటు. చెయ్యి బేసును పట్టుకుంటుంది కాబట్టి వాహనం మీద రంగు అరగదు, ఫిరంగి విరగదు. పైగా వాహనం ఏ నేల మీద ఉందో చెప్పేది అదొక్కటే. కొండపల్లివాళ్లు ఎడ్లబండినీ, తాటిచెట్టెక్కే గీతకార్మికుణ్నీ పీట మీద ఎందుకు బిగిస్తారో ఆలోచిస్తే ఈ తగాదా అక్కర్లేదు. పీట లేకపోతే బండి వేరు, ఎద్దులు వేరు. పీట పడ్డాకే అది ఊరవుతుంది.

ఎర్రుపాలెం చుట్టుపక్కల ఉన్నవాళ్లకు బేసు సామాను కొనే పనే లేదు. నల్లరేగడి కావాలంటే పత్తి చేను, ఎర్రమట్టి కావాలంటే చెలక. మట్టిని సన్న జల్లెడ పట్టి, పెనం మీద బాగా వేయించాలి. లేకపోతే అందులోని పురుగు గుడ్లు నాలుగు నెలల తర్వాత బయటపడతాయి. మూడు మిల్లీమీటర్ల మందం ఎండీఎఫ్ చెక్క కోసి, అంచులు గరుకు కాగితంతో వాలుగా రుద్ది, ఫెవికాల్ పూసి మట్టి చల్లాలి. ఆరాక నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను చుక్కలుగా వదిలి గట్టిపరచాలి. నల్లరేగడి ఇంకో మేలు చేస్తుంది. ఫెవికాల్‌తో గట్టిగా కలిపి మందంగా పరిస్తే ఆరేటప్పుడు తనే పగుళ్లిస్తుంది. ఎండాకాలం చేను నెర్రెలు అలాగే దిగిపోతాయి, కుంచెతో ఎవరూ అంత బాగా గీయలేరు. గడ్డికి జనపనార పురి కత్తిరించి కుచ్చులుగా అతికించాలి. రాలిన ఆకులకు వాడేసి ఎండబెట్టిన టీపొడి చాలు. తాటిచెట్టుకు మాత్రం కొండపల్లికే వెళ్లండి, అంతకంటే మంచిది దొరకదు.

మట్టిని బేసు మీదే ఆపేస్తే మోసం తెలిసిపోతుంది. అదే మట్టి వాహనం మీదికి ఎక్కాలి. చక్రాల మీద, పట్టా కింది సగంలో తడి మట్టి నల్లగా, పక్క రేకుల మీద ఆరిన మట్టి బూడిదరంగులో, పైకప్పు మీద ఒట్టి దుమ్ము. సైనికులు ఎక్కి దిగేచోట బూట్లు రాకి దుమ్ము ఉండదు, కింది లోహం మెరుస్తుంది. కందెన బొట్లు ఇంజను దగ్గర ఉండాలి గానీ తలుపు మీద కాదు. ఇక పట్టాల జాడలు. బీఎంపీ పట్టా వెడల్పు 300 మిల్లీమీటర్లు, 72వ వంతులో నాలుగు మిల్లీమీటర్ల పైన. ఆ వెడల్పున రెండు జాడలు వాహనం వెనక తీయాలి. అందమైన బేసుల్లో కూడా జాడలు వాహనం ముందూ కనిపిస్తుంటాయి, ఇంకా వెళ్లని దారిలో ముందే గాడి పడ్డట్టు. రంగు ఎంత బాగున్నా ఆ బొమ్మను నేను మెచ్చుకోలేను.

ఇంత శ్రమ దేనికని అడిగేవాళ్లకు ఒకటే చెబుతాను. 14 టన్నుల వాహనం రేగడిలో ఎంత దిగుతుంది, సైనికులు ఏ తలుపులోంచి దూకుతారు, వెనక తలుపుల్లో డీజిల్ నింపడం వల్ల దెబ్బ తగిలితే ఏమవుతుంది, ఇవన్నీ పుస్తకంలో చదివితే మరిచిపోతాం. ఒక్క తలుపు చేత్తో చెక్కి, రంగు వేస్తే గుర్తుంటాయి. చరిత్ర మీద ఆసక్తి ఉన్న పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం నాకు తెలీదు. యుద్ధం అంటే గెలుపు కేకలే కాదని, లోపల పదిమంది మనుషులు ఇరుక్కుని కూర్చుంటారని కూడా ఆ చిన్న పెట్టెను చూస్తేనే అర్థమవుతుంది.

నిర్మల్‌లో ఒకప్పుడు ఫిరంగులు పోసిన చరిత్రా ఉంది, అదే పొనికి కర్రతో బొమ్మలు చేసే నకాషీ కుటుంబాలూ ఉన్నాయి. కొండపల్లి, నిర్మల్ రెండు చోట్లా ఇప్పుడున్న దిగులు ఒకటే, పొనికి. చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది, కొట్టడానికి పూట చాలు. అటవీశాఖ, చేతివృత్తుల సంస్థలు మొక్కలు నాటించి, ఆ కర్ర ముందుగా బొమ్మలవాళ్లకే అందేలా చూడాలి. ప్లాస్టిక్ కిట్టుకు వేలు పోసే మా బోటి ఆటగాళ్లు కూడా ఒక పని చేయొచ్చు. కొండపల్లి వెళ్లి ఒక అంబారీ ఏనుగు కొనండి, వీలైతే కొలతలు, బొమ్మ గీసి ఇచ్చి పొనికితో ఒక సారథ్ చేయించుకోండి. చెప్పిన ధరకు బేరం ఆడకండి.