చేతులు మారుతూ మెరుగుపడిన టీకా

యూనివర్సిటీలో కనిపెట్టిన మందు పేదవాడి దాకా రావాలంటే, కనిపెట్టడంతో సమానమైన పనితనం ఇంకొకటి కావాలి. హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన కలరా టీకా శాంకోల్‌లో అది కనిపిస్తుంది. 1993లో శాంతాను స్థాపించిన వరప్రసాద్ రెడ్డిగారు మన నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాలెంలో పుట్టినవారు. ఉస్మానియా యూనివర్సిటీ, సీసీఎంబీ ల్యాబుల్లో తలదాచుకుని ఎదిగిన సంస్థ అది. 1997 నాటి హెపటైటిస్-బి టీకా గురించి అందరూ చెబుతారు. నాకు శాంకోల్ అంతకన్నా గొప్ప పనిగా తోస్తుంది.

దీని మూలం స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ. చంపిన కలరా క్రిములకు, ఆ క్రిమి విషంలోని హాని చేయని ముక్కను కలిపి అక్కడ నోటి టీకా చేశారు. ఆ ముక్కకు ఖర్చెక్కువ. కడుపులోని ఆమ్లానికి అది చెడిపోకుండా, మందుపొడి కలిపిన నీళ్లతో పట్టించాలి. అనుమసముద్రంపేట గంధ మహోత్సవంలాంటి జనసందోహంలో మనిషికో గ్లాసు మంచినీళ్లు అందించడం ఎంత కష్టమో మనకు తెలుసు. కలరా వచ్చిన ఊళ్లో అసలు కొరత మంచినీళ్లకే!

ఈ విద్య నేర్చుకున్న వియత్నాం శాస్త్రవేత్తలు ఆ ముక్కను తీసేశారు. ధర తగ్గింది, నీళ్ల అవసరమూ పోయింది. ఏది వదిలేయాలో తెలియడమే ఇక్కడి నేర్పు. అయితే వియత్నాం ఔషధ నియంత్రణ సంస్థకు అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు లేదు, కాబట్టి టీకా ఆ దేశం దాటలేకపోయింది. సియోల్‌లోని అంతర్జాతీయ టీకా సంస్థ దాని కూర్పును సరిదిద్ది, ఆ గుర్తింపున్న భారతదేశానికి, శాంతా చేతికి అప్పగించింది. మోతాదు ఒకటిన్నర మిల్లీలీటరు. రెండు వారాల తేడాతో రెండుసార్లు వేస్తే సరిపోయేది. కోల్‌కతా పరీక్షల్లో ఐదేళ్ల పాటు సుమారు 65 శాతం రక్షణ ఇచ్చింది. 2009లో ఇక్కడ లైసెన్సు, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం వచ్చాయి. 2013లో మొదలైన ప్రపంచ కలరా టీకా నిల్వను నింపింది మొదట శాంకోలే.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది, ఆ పరిజ్ఞానాన్ని ఒక్క కంపెనీకే కట్టబెట్టకపోవడం. అంతర్జాతీయ టీకా సంస్థ దాన్ని కొరియాలోని యూబయోలాజిక్స్‌కూ ఇచ్చింది. శాంతాను కొనుక్కున్న సనోఫీ తర్వాత శాంకోల్ తయారీని ఆపేసినా, కొరియా టీకా వల్ల సరఫరా పూర్తిగా తెగిపోలేదు. లైసెన్సు రాసుకునే మన యూనివర్సిటీలు ఈ ఒక్క షరతునైనా ముందు చూసుకోవాలి.