వృద్ధమార్జాలము: నడవడిలోని వ్యాధిసూచనలు

పన్నెండు పదమూడేండ్లుగా ఒకే కిటికీగట్టుపై నిద్రించుచు, ఒకే వేళకు పళ్లెము చెంత నిలిచి కూయుచు, ఇంటివారి యడుగుల చప్పుడు నెఱిగి గుమ్మమున కెదురువచ్చుచు కాలము గడపిన పెంపుడు పిల్లి, వారము దినములలో మాఱిపోయి, నడిరేయి గొంతెత్తి యఱచుటయో, తనకై యుంచిన ఇసుకతొట్టిని విడిచి పరుపు పాడుచేయుటయో, ఒడిలోనికి తీసికొనబోయిన చేతిని గీఱుటయో, మంచము క్రింద దూఱి పిలిచినను పలుకకుండుటయో జరిగినప్పుడు, ఆ యింట సాధారణముగా వినవచ్చు తీర్పులు రెండు. ముసలిదైనది, ఇక నింతే యనునది యొకటి. దానికి పొగరెక్కినదనునది మఱియొకటి. రెండును తప్పులే. అందు మొదటిది జాలితో పుట్టిన తప్పు గనుక మఱింత ప్రమాదకరము. ఏలయన, కోపించినవాడు పిల్లిని గమనించుచునే యుండును, జాలిపడినవాడు చూచుటయే మానివేయును.

వార్ధక్యము వ్యాధి కాదు. వ్యాధులకు తావిచ్చు కాలము. పశువైద్యులు 7 మొదలు 10 ఏండ్ల వఱకు గల పిల్లిని ప్రౌఢమనియు, 10 ఏండ్లు దాటినదానిని వృద్ధమనియు లెక్కింతురు. 15 ఏండ్ల పిల్లి మనుష్యులలో 76 ఏండ్ల పెద్దకు ఇంచుమించు సమానమని చెప్పుదురు. ఇంటనున్న పెద్దావిడ ఒక్క వారములో తిండి మాని, రాత్రులు లేచి తిరుగుచు, తాకినంతనే కసరినచో, వయసు మీఱినదని యూరకుండెడి కొడుకు ఉండడు, వైద్యునియొద్దకు కొనిపోవును. పిల్లి విషయమునను చేయవలసినది అదియే. ఏండ్ల తరబడి నెమ్మదిగా వచ్చు మార్పు వయసుది కావచ్చును గాని, వారములో వచ్చిన మార్పు వెనుక చాలమాఱు శరీరములోని యేదో యొక బాధ యుండును.

ఆ బాధ మనకు నేరుగా కానరాదు, పిల్లి దానిని దాచును గనుక. మన యిండ్లలోని పిల్లులకు మూలమైన జాతి పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ప్రాంతముల మెట్టనేలలలో ఒంటరిగా వేటాడి బ్రదికిన అడవిపిల్లి. సైప్రస్ ద్వీపమున సుమారు 9,500 ఏండ్లనాటి యొక సమాధిలో మనుష్యుని చెంతనే పిల్లియు పూడ్చబడి యుండుట 2004లో వెల్లడియైనది. ఇంతకాలము మనతో నుండియు అది తన ఒంటరి స్వభావమును విడువలేదు. గుంపుగా బ్రదుకు జంతువునకు గాయమైనచో తోడివి దాపున నుండును. ఒంటరి వేటగత్తెకు ఎవరును లేరు. పైగా పెద్ద మృగములకు అదియే యాహారము. కుంటుచు, మూలుగుచు తిరిగిన పిల్లి ఆ నేలలో బ్రదుకదు. కావున ఎంతటి నొప్పినైనను మౌనముగా భరించుట దానికి రక్తగతమైనది. మన కంటబడునది నొప్పి కాదు, నొప్పివలన తప్పిన అలవాటు మాత్రమే.

మాటరాని రోగిని పరీక్షించు విద్య మన దేశమున ప్రాచీనము. అశ్వములకు శాలిహోత్రుని పేరను, గజములకు పాలకాప్యుని పేరను శాస్త్రములు వెలసినవి. అవి రాజుల సైన్యమునకు ప్రాణములు. ఆవు గృహస్థునకు ధనము. పిల్లి ఎవరికిని ఐశ్వర్యము కాలేదు గనుక దాని వైద్యము చాలకాలము మూలబడియున్నది. ఐరోపాలోను అంతే: 1762లో ఫ్రాన్సు దేశపు లియోన్ నగరమున వెలసిన తొలి పశువైద్య పాఠశాల దృష్టి యంతయు గుఱ్ఱములపైనను పశువులపైనను నిలిచినది. పిల్లుల వైద్యమునకై ప్రత్యేకముగా నొక సంస్థ బ్రిటనులో ఏర్పడినది 1958లో మాత్రమే. పిల్లి యనగా చిన్న కుక్క కాదనుమాట ఆ వైద్యులకు నేటికిని నిత్యపాఠము. కుక్కకు సరిపడిన మందు, మోతాదు, పరీక్షావిధానము పిల్లికి సరిపడవు. ఈ కొద్ది దశాబ్దములలో వారు పెంపొందించిన పరిశీలనావిద్య గృహస్థులు కూడ నేర్వదగినది. అందు సగభాగము ఇంటిలోనే జరుగవలసియున్నది గనుక.

మంచి వైద్యుడు పిల్లిని తాకుటకు ముందు ఇంటివారిని ప్రశ్నించును. ఎన్నడు మొదలైనది? నీరు ఎంత త్రాగుచున్నది? మునుపు ఎక్కిన బీరువాను ఇప్పుడును ఒక్క దూకుతో ఎక్కుచున్నదా, నడుమ కుర్చీపై నాగుచున్నదా? ఒళ్లు నాకుకొనుచున్నదా? ఇంటికి క్రొత్తవారు గాని, క్రొత్త జంతువు గాని వచ్చినవా? తరువాత బుట్ట తలుపు తీసి, అది తానై వెలుపలికి వచ్చువఱకు వేచి, నడకను చూచును. మెడపట్టి యీడ్చుట ఈ విద్యలో నిషిద్ధము. భయపడిన పిల్లి గుండె వేగమును, రక్తపుపోటును చూచి ఏ నిర్ణయమును చేయరాదు. పిదప వ్రేళ్లతో గొంతును, కడుపులో మూత్రపిండములను, వెన్నెముకను తడవి, తూకము వేసి, ముంగాలికో తోకకో చిన్న పట్టీ చుట్టి రక్తపుపోటు చూచి, రక్తమును మూత్రమును పరీక్షకు పంపును. ఇవన్నియు ముగిసిన పిమ్మటనే మనసును గూర్చి యాలోచించుట. ఈ క్రమమును తలక్రిందులు చేసి, ఆదిలోనే స్వభావదోషమని తీర్మానించుటవలన నష్టపోయిన పిల్లు లెన్నియో.

తూకము మాట చిన్నదిగా తోచును గాని, నా దృష్టిలో ఇంటివారు చేయగల పరీక్షలలో దానికి మించినది లేదు. 5 కిలోల పిల్లి అరకిలో తగ్గినచో మన చేతికి తెలియదు, బొచ్చు దానిని కప్పివేయును. కాని అది శరీరములో పదవవంతు, 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గుటతో సమానము. పిల్లి నెత్తుకొని తూకపు యంత్రముపై నిలిచి, ఆ తరువాత ఒంటరిగా నిలిచి, భేదమును నెలకొకసారి వ్రాసియుంచుకొనుట ఎవరికిని కష్టము కాదు.

నడిరేయి అఱపును గూర్చి కొంత విపులముగా చెప్పవలెను; ఇంటివారిని అన్నిటికంటె ఎక్కువగా కలతపెట్టునది అదియే. కాలుగాలిన పిల్లి యని మనవారు అనునట్లు ఒకచోట నిలువక తిరుగుచు, ఎంత పెట్టినను తినుచు, తినుచునే చిక్కిపోవుచు, అర్ధరాత్రి ఎలుగెత్తి యఱచు వృద్ధమార్జాలమునందు వైద్యుడు మొదట శంకించునది గొంతులోని థైరాయిడ్ గ్రంథిని. ఆ గ్రంథి అతిగా పనిచేయుటవలన దేహమంతయు వేగము పుంజుకొని, గుండె దడదడలాడి, ఆకలి పెరిగి, నిద్ర తఱుగును. 1979–80 ప్రాంతమున న్యూయార్కు, బోస్టన్ నగరముల వైద్యులు పిల్లులలో దీనిని మొదట స్పష్టముగా వర్ణించిరి. ఇప్పుడు పాశ్చాత్య దేశములలో వృద్ధమార్జాలములకు వచ్చు గ్రంథివ్యాధులలో ఇదియే ముఖ్యమైనది. దీని మాయ యేమనగా, రోగి ఆరోగ్యవంతముగా కనబడును. ముసలిపిల్లి మరల పడుచుదనము తెచ్చుకొన్నదని ఇంటివారు మురియుచుండగా లోపల గుండె అలసిపోవుచుండును. ఒక రక్తపరీక్షతో ఇది తేలును. మాత్రలతో అదుపులోనికి వచ్చును. అయితే ఈ వేగము తగ్గిన పిమ్మట అంతవఱకు మఱుగుపడియున్న మూత్రపిండముల వ్యాధి బయటపడుట కలదు గనుక, మందు మొదలిడిన తరువాత మరల పరీక్షింపక తప్పదు.

రాత్రి యఱపునకు రెండవ కారణము రక్తపుపోటు. పై అంకె 160 దాటినచో వైద్యులు శంకింతురు. 180 దాటినచో కన్నులు, మెదడు, గుండె, మూత్రపిండములు ఆపదలో పడును. కంటిలోని రెటీనా పొర ఊడి, పిల్లి ఒక్క రాత్రిలో గ్రుడ్డిది కావచ్చును. పట్టపగలు సయితము కనుపాపలు పెద్దవై యుండుట, తెలిసిన కుర్చీకే తగులుకొనుట, గోడవెంట నడచుట దానికి గుర్తులు. ఈ స్థితిలో గంటలు విలువైనవి. వెంటనే మందు పడినచో కొంత చూపు మిగులవచ్చును. మూడవది చెవుడు: తన గొంతు తనకే వినబడని పిల్లి పెద్దగా అఱచును, అంతే.

తొట్టిని విడిచి పరుపు పాడుచేయు పిల్లిని గూర్చి ఎన్ని నిందలు విన్నానో చెప్పలేను. పగబట్టినదందురు. కాని 2002లో అమెరికాలో నూఱు ముసలి పిల్లుల ఎక్స్-రే చిత్రములను పరిశీలించినప్పుడు, 12 ఏండ్లు దాటినవానిలో 90 శాతమునకు కీళ్ల అరుగుదల కానవచ్చినది. కుక్క కుంటును, మనకు తెలియును. పిల్లి కుంటదు, దూకుట మానును, దూకునెడల రెండు అంచెలుగా దూకును, మెట్లపై తడబడును, వెన్నుపై బొచ్చు నాకుకొనలేక జడలు కట్టనిచ్చును, గోళ్లు అరగక పెరిగి నేలపై టకటకలాడును. అట్టి కీళ్లతో ఎత్తైన అంచుగల తొట్టిలోనికి దిగుట నొప్పి. దిగినప్పుడెల్లను నొప్పి కలిగిన చోటును అది విడిచిపెట్టును. నడుము పట్టి ఎత్తిన చేతిని కఱచుటయు ఈ కారణముననే. తొట్టి యంచును ఒక ప్రక్క నాలుగు వ్రేళ్ల ఎత్తునకు కోసివేసి, మెట్లెక్కనవసరములేని చోట నుంచి, కిటికీ క్రింద ఒక పీట వేసి, చలికాలమున మెత్తని పాత దుప్పటి పరచినంతమాత్రముననే పగ తీరిపోవుట అనేకుల కనుభవము. అయినను, అదే తొట్టిలో మాటిమాటికి కూర్చుండి ముక్కుచు చుక్కయైన విడువని మగపిల్లిని మాత్రము ఆ గంటలోనే వైద్యునియొద్దకు చేర్పవలెను. మూత్రద్వారము మూసికొనిపోయినచో ఒకటి రెండు దినములలో ప్రాణమే పోవును.

నొప్పిని ముఖమున చదువు విద్యకును ఇటీవల శాస్త్రరూపము కలిగినది. మాంట్రియల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2019లో ప్రకటించిన పద్ధతిలో చెవుల నిలుకడ, కన్నుల ముడుచుకొనుట, మూతి బిగువు, మీసముల తీరు, తల వాలుట అను ఐదింటికి ఒక్కొక్కదానికి సున్న మొదలు 2 వఱకు అంకె లిత్తురు. మొత్తము 10కి 4 వచ్చినచో నొప్పి మందు అవసరమని భావింతురు. చెవులు విడివడి వెలుపలికి తిరుగుట, కన్నులు సగము మూయుట, తల భుజములకంటె క్రిందికి వాలుట ముఖ్యములు. నిద్రమత్తులో నున్న పిల్లిని కాక మేల్కొనియున్నప్పుడు దూరమునుండి చూడవలెను.

ఇక నీళ్లపళ్లెము. వృద్ధమార్జాలము ఉన్నట్టుండి కుళాయి చెంత, బకెట్టు చెంత, స్నానాలగది మడుగు చెంత కనబడసాగినచో మూత్రపిండముల వ్యాధియో, మధుమేహమో, థైరాయిడో చూడవలెను. మూత్రపిండముల పనిలో మూడింట రెండు వంతులు నశించువఱకు వాని వ్యాధి చాలమాఱు బయటపడదు గనుక, దప్పి యను నీ సూచన ఆలస్యముగానే వచ్చినదని తెలియవలెను. ఇచట మన తెలుగిండ్లకు ప్రత్యేకమైన మాట యొకటి చెప్పవలసియున్నది. పాలన్నము, పెరుగన్నము పెట్టి పిల్లిని సాకుట మనకు పరంపరగా వచ్చిన ప్రేమ. కాని పిల్లి మాంసాహారముననే బ్రదుకవలసిన జీవి. మాంసమునందు లభించు టారిన్ అను పదార్థము కొఱవడినచో పిల్లి గుండె సాగి బలహీనమగునని కాలిఫోర్నియా పరిశోధకులు 1987లో నిరూపించిరి. ఎదిగిన పిల్లులలో పెక్కింటికి పాలు జీర్ణము కావు. మన శాకాహార కుటుంబములు పిల్లిని పెంచుట తప్పు కాదు గాని, దాని పళ్లెములోని ఆహారము దాని దేహధర్మమునకు తగియుండవలెను.

వీనినన్నిటిని త్రోసివేసిన పిమ్మట మిగులునది మనోవైకల్యము. అది నిజముగా కలదు. పరిశోధకుల లెక్కలలో 11 మొదలు 14 ఏండ్ల పిల్లులలో 28 శాతమునకు, 15 దాటినవానిలో సగమునకు, ముదిమికి సంబంధించినదిగా తోచు నడవడి మార్పు ఒకటైనను కానవచ్చినది. మూలలో గోడవైపు చూచుచు నిలిచిపోవుట, తిని మరల తినలేదని కూయుట, తెలిసిన గదిలో దారి తప్పుట, రేయింబవళ్లు తారుమారగుట ఇందలి గుర్తులు. మాన్పు మందు లేదు. మేలు చేయునది క్రమము. పళ్లెమును, తొట్టిని, పరుపును కదపక ఉంచుట, వేళకు కొంచెము కొంచెముగా పలుమాఱులు పెట్టుట, రాత్రి చిన్న దీప మొకటి వెలిగించి యుంచుట, అఱచినప్పుడు గద్దింపక మెల్లగా పిలుచుట. దండన మాత్రము ఏ స్థితిలోను పనికిరాదు. అది పిల్లికి మన చేతిని శత్రువుగా చేయును, మఱేమియు నేర్పదు.

మనుష్యుల మాత్రలను పిల్లికి వేయరాదు; ఒక్క పారాసెటమాల్ బిళ్ల దాని ప్రాణమును తీయగలదు, దానిని విఱచు శక్తి పిల్లి కాలేయమునకు లేదు. కుక్కలకు పూయు పెర్మెథ్రిన్ పిడుదుల మందు కూడ అట్టిదే. నోరు తెఱచి రొప్పుట, వెనుకకాళ్లు హఠాత్తుగా చచ్చుపడి చల్లబడుట, రెండు దినములు తిండి ముట్టకుండుట అను నీ మూడింటిలో ఏది కనబడినను తెల్లవారువఱకు వేచియుండరాదు.

మన పశువైద్యశాలలు ప్రధానముగా పాడిపశువులకై ఏర్పడినవైనను, హైదరాబాదు చెంత రాజేంద్రనగరమునందును, తిరుపతియందును గల పశువైద్య కళాశాలల ఆసుపత్రులలో పిల్లులను సయితము చూచు వైద్యు లున్నారు; పెద్ద పట్టణములన్నిట ప్రైవేటు వైద్యులున్నారు. మీ యింట పదేండ్లు దాటిన పిల్లి యున్నచో, అది కులాసాగా నున్నప్పుడే ఆఱునెలలకొకసారి తూకము, రక్తపుపోటు, రక్తము, మూత్రము పరీక్షింపించి ఆ కాగితములను దాచియుంచుడు. నడవడి మాఱిన నాడు వైద్యుడు మొదట అడుగునవి అవియే.