వైకింగు బొమ్మలో బానిస ఏడీ?

వైకింగు అనగానే కొమ్ముల టోపీ గుర్తొస్తుంది. అసలు వాళ్లు అట్లాంటి టోపీ పెట్టుకున్నారనడానికి ఆధారం లేదు. 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో వాగ్నర్ సంగీత నాటకాల వేషాలతో అది జనంలోకి ఎక్కింది. టోపీ సంగతి చిన్నదే. నార్వే కుర్రాళ్లను హిట్లర్ ఎస్.ఎస్. సైన్యంలోకి లాగడానికి పోస్టర్ల మీద నిలబెట్టింది ఈ వైకింగునే. 2015లో ఫిన్లాండ్‌లో వలసవచ్చినవాళ్ల మీద వీధి గస్తీకి దిగిన ముఠా 'ఓడిన్ సైనికులు' అని వాళ్ల దేవుడి పేరే తగిలించుకుంది.

మేము ఈ బొమ్మలో వెతికేది వేరే మనిషిని. వైకింగులు మనుషుల్ని పట్టుకొచ్చి అమ్మారు. డబ్లిన్‌లో బానిసల సంత నడిచింది. 'రీగ్స్‌థుల' అనే పాత నార్స్ కావ్యంలో ఒక దేవుడు మూడిళ్లు తిరిగి ముగ్గురు కొడుకుల్ని కంటాడు: బానిస, రైతు, దొర. దొర బిడ్డది లేత రంగు జుట్టు. బానిస బిడ్డకు నల్లని ఒళ్లు, ముడతల చేతులు, వంగిన వీపు. పురుషసూక్తం ఎరిగిన వాళ్లకు విడమరిచి చెప్పాలా! చాకిరీతో వంగిన వీపును పుట్టుకతోనే వంగిందన్నాడు కవి. ఆ బానిస పిల్లలు పొలానికి పేడ తోలారు, పందుల్ని చూశారు, మేకల్ని కాశారు. మా ఇళ్లలో పెద్దలు చేసిన పనులే అవి. యూరప్ వీధుల్లో వైకింగు జెండా పట్టిన ప్రతివాడూ తాను దొర కొడుకు వంశమనే అనుకుంటాడు.